గంట ఆటకు తరుగు తీస్తే ఎంత మిగులుతుంది?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాను. పదకొండేళ్లుగా కాంటా చిట్టీలు రాస్తున్నాను. వడ్ల ట్రాక్టర్ వేబ్రిడ్జి ఎక్కుతుంది, బరువు రాస్తాను. దించాక ఖాళీ ట్రాక్టర్ మళ్లీ ఎక్కుతుంది, ఆ బరువు కొట్టేస్తాను. మిగిలినదాంట్లో తేమకింత, తాలుకింత అని తరుగు తీస్తారు. రైతు చేతికి వచ్చే పైసలు ఆ ఆఖరి అంకెకే. తరుగు దగ్గర రోజూ మాటామాటా వస్తుంది, అది వేరే కథ. చెప్పొచ్చేదేమంటే, ఏ చిట్టీ చూసినా పైన రాసిన అంకె వదిలేసి కింద మిగిలిన అంకె చూడటం నాకు అలవాటైపోయింది. పిల్లల్ని ప్లే జోన్‌కు తీసుకెళ్లే ఖర్చును కూడా అట్లాగే చూశాను. ఏం చేస్తే ఖర్చు తగ్గిందో, ఎక్కడ తప్పులో కాలేశానో రాస్తున్నాను. ఇంట్లో ఆరేడేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకు పనికొస్తుంది.

మొదటి చిట్టీ

పెద్దది అయిదేళ్ల పిల్ల. చిన్నోడికి మూడు నిండాయి. దసరా సెలవుల్లో హైదరాబాద్ ఎల్బీనగర్‌లో ఉండే బామ్మర్ది ఇంటికి పోయాం. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు ఉచితం, చిన్నోడికి టికెట్ వయసు రాలేదు, మా ఇంట్లో పైసలిచ్చి టికెట్ తీసుకునేది నేనొక్కడినే. ఆదివారం బామ్మర్ది, "బావా, ఈడ మాల్‌ల పోరగాళ్లకు ప్లే ఏరియా మస్తుంటది, తీస్కపోరాదు" అన్నాడు. కౌంటర్ మీద గంటకు 699 అని పెద్ద అంకెల్లో ఉంది. ఇద్దరికీ పద్నాలుగు వందలు. పండగ పూట పోనీలే అనుకున్నాను.

ఇంటికొచ్చాక జేబులోని బిల్లులన్నీ తీసి మంచం మీద పరిచాను. ఇద్దరు పిల్లలకు 1,398. పెద్దవాళ్లలో ఒక్కరికే ఫ్రీ, మా ఇంటామె కూడా లోపలికి వచ్చింది గనుక ఆమెకు 150. ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ, 278 రూపాయల 64 పైసలు. సాక్సులు జత 80, నాలుగు జతలకు 320. పెద్దవాళ్లు కూడా వేసుకోవాల్సిందేనట. గంట మీద పది నిమిషాలు దాటాం, దానికి అరగంట చార్జీ వేశారు, పన్నుతో కలిపి ఇద్దరికీ 826. బయటి తిండి రానివ్వరు గనుక ఒక ఫ్రెంచ్ ఫ్రైస్, రెండు కప్పుల మొక్కజొన్న, ఒక జ్యూస్ డబ్బా, రెండు నీళ్ల సీసాలు కలిపి 540. మొత్తం 3,512 రూపాయల 64 పైసలు.

మా బియ్యం లెక్కలో చెప్పాలంటే, 25 కిలోల సన్నబియ్యం బస్తాలు రెండు కొన్నాక కూడా చేతిలో చిల్లర మిగిలేది. నా జీతంలో నాలుగు రోజులు.

రాత్రి పడుకునేటప్పుడు పెద్దదాన్ని "అక్కడ నీకు ఏది నచ్చింది బిడ్డా?" అని అడిగాను. కాలు పైకెత్తి సాక్సు అడుగున ఉన్న రబ్బరు చుక్కలు చూపించింది. "డాడీ, ఒక్క కాలుకు ఇరవై ఆరున్నయి" అంది. ఇంకేం చెప్పలేదు.

వాళ్ల లెక్క కూడా చూడాలి

నడిపేవాళ్లను తిట్టి లాభం లేదు. మాల్ అద్దె, రోజంతా ఏసీ, ఫోమ్ పరుపులు, జాలీలు, ప్రతి జారుడుబండ దగ్గరా నిలబడే మనిషి, సాయంత్రం బంతులు కడిగే మనిషి. ఇవన్నీ పిల్లలు వచ్చినా రాకపోయినా అయ్యే ఖర్చులే. మా మిల్లులో కూడా వడ్లు రాని నెలలో కరెంటు బిల్లు రాకుండా ఉండదు. ఒకసారి పనిమీద పోయి మంగళవారం మధ్యాహ్నం ఒక ప్లే జోన్‌లోకి తొంగి చూశాను. లోపల పిల్లలు ఇద్దరు, పనివాళ్లు నలుగురు. ఆ అయిదు రోజుల నష్టం శని, ఆదివారాల్లో వచ్చే మన దగ్గర లాగుతారు. ఇది అర్థమైతే ఎప్పుడు పోవాలో, ఎప్పుడు బేరం కుదురుతుందో దానంతటదే తెలిసిపోతుంది.

కాగితం పట్టుకుని కూర్చోండి

నెల తర్వాత మా ఊళ్లోనే ఒక చిన్న ప్లే జోన్‌కు పోయాం. శని ఆదివారాలు గంటకు 250, మామూలు రోజుల్లో 180, పన్ను అందులోనే. ఈసారి ఫోన్ చూసుకుంటూ కూర్చోలేదు. పాత చిట్టీ బుక్కు వెనకవైపు, పిల్లలు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఉన్నారో రాశాను. పక్కన కూర్చున్నావిడ నన్ను చూసి కొంచెం అవతలికి జరిగింది. మున్సిపాలిటీ నుంచి చెకింగ్‌కు వచ్చాననుకుందేమో.

పెద్దదాని చిట్టీ ఇది. జారుడుబండ ఎక్కడం, దిగడం 22 నిమిషాలు. బంతుల తొట్టి 14. బొమ్మల వంటిల్లు 11. వరుసలో నిలబడ్డది 8. ట్రాంపోలిన్ మీద 5, అదీ పెద్ద పిల్లలు ఎగురుతుంటే భయపడి దిగివచ్చింది.

చిన్నోడిది: బంతుల్లో 25. జారుడుబండ 10. నా ఒళ్లో 8. ఏడుపు 5. మిగిలిన 12 నిమిషాలు గేటు దగ్గర చెప్పుల స్టాండ్ ముందు. ఎవరి చెప్పులో తీసి ఒక అరలో పెట్టడం, మళ్లీ తీసి ఇంకో అరలో పెట్టడం. జత విడిపోతే ఒప్పుకోడు, రెండో చెప్పు కోసం కింద పాకి మరీ వెతుకుతాడు. అక్కడున్న అమ్మాయి రెండుసార్లు ఎత్తుకెళ్లి బంతుల్లో వేసింది. రెండుసార్లూ లేచి చెప్పుల దగ్గరికే వచ్చాడు.

అరవై నిమిషాలకు డబ్బు కట్టి, తరుగు పోను వాడికి దక్కింది ముప్పై అయిదు. అందులో ఇరవై అయిదు ఒక్క బంతులే. మాల్‌లో పదిహేను రకాల ఆటలు ఉన్నాయి కదా, వాటన్నిటికీ కలిపే మనం డబ్బు కడతాం. పిల్లలు ఆడేది మూడో నాలుగో.

మీ పిల్లలకు వేరే అంకెలు వస్తాయి. ఒకసారి కాదు, రెండుసార్లు రాయండి. మొదటిసారి కొత్త చోటు గనుక బెరుకులో కొంత పోతుంది. రెండో చిట్టీ చేతికొచ్చాక ఆటల్ని మూడు కుప్పలు పోయొచ్చు: ఇంట్లో చేసిపెట్టగలిగినవి, ఊళ్లో ఊరికే దొరికేవి, నిజంగా డబ్బు పెట్టి కొనాల్సినవి. మా ఇంట్లో మూడో కుప్పలో మిగిలింది ఎత్తైన జారుడుబండ ఒక్కటే. మే నెలలో మాత్రం దానికి ఏసీ కూడా కలుస్తుంది.

బంతుల సంగతి, నేను చేసిన తెలివితక్కువ పని

బంతులు కొనడమెందుకు, మిల్లులో ఊక గుట్టలుగా ఉంది కదా అనుకున్నాను. ఎండిన ఊక, మెత్తగా జారుతుంది, కాళ్లు పెడితే హాయిగా ఉంటుంది. హమాలీలు మధ్యాహ్నం దాని మీదే నడుం వాలుస్తారు. ఒక శనివారం రెండు సంచులు తెచ్చి పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో పోశాను. పిల్లలు దూకారు. నిజం చెప్పాలంటే ఆ అరగంట మాల్‌లో కన్నా ఎక్కువ నవ్వారు. ఎత్తి పోసుకున్నారు, కాళ్లు పూడ్చుకున్నారు, చిన్నోడు నెత్తిన పోసుకున్నాడు.

రాత్రి ఎనిమిదికి మొదలైంది. మెడ, మోచేతి మడతలు, మోకాలి వెనక, ఎక్కడ మడత ఉంటే అక్కడ దురద. ఇద్దరికీ రెండుసార్లు స్నానం చేయించాం, కొబ్బరినూనె రాశాం. మా ఇంటామె మగ్గం వర్క్ ఆపి, దువ్వెనతో పిల్ల జుట్టులోంచి ఊక తీసుకుంటూ కూర్చుంది. తల ఎత్తకుండానే, "మూడు వేల అయిదు వందలే నయముండె" అంది. ఊక పైపొర గరుకు, కంటికి కనిపించని నూగు ఉంటుంది, ఇసుకలో ఉండే సిలికాయే అందులోనూ ఉంటుంది. హమాలీల తోలు పదేళ్లకు అలవాటు పడింది. పిల్లల తోలు పడలేదు. వడ్లు, తవుడు కూడా అంతే. దుమ్ము ముక్కులోకి పోతుంది, ఆయాసం ఉన్న పిల్లలకు అసలు మంచిది కాదు. చింతగింజలు, శనగలు పోసి ఆడించడం కొందరు చేస్తారు. మూడేళ్ల పిల్లవాడు ఉన్న ఇంట్లో అది కూడా వద్దు. ముక్కులో దూర్చుకోవడానికి వాళ్లకు ఒక్క నిమిషం చాలు.

చివరికి ప్లాస్టిక్ బంతులే కొన్నాను. వంద బంతులు 550 పడ్డాయి. వంద అంటే చాలా అనిపిస్తుంది గానీ పెద్ద తొట్టిలో పోస్తే అడుగు కూడా నిండదు. గాలి నింపే చిన్న స్విమ్మింగ్ టబ్ ఉంటే సరిపోతుంది. లేకపోతే టీవీ షాపులో అడిగి ఫ్రిజ్ అట్టపెట్టె తెచ్చుకోండి, అడ్డంగా పడుకోబెట్టి పై మూత కోసేస్తే అదే తొట్టి. అంచులకు గోధుమరంగు టేప్ వేయండి, కోసిన అట్ట అంచు చర్మాన్ని గీరుతుంది. బంతి పెద్ద నిమ్మకాయ కన్నా చిన్నది ఉండకూడదు, నోట్లో పట్టే సైజు అసలే కొనొద్దు. చేత్తో గట్టిగా నొక్కి చూడండి. చొట్టపడి మళ్లీ లేచేది మంచిది, పగిలితే అంచు కోసుకుంటుంది.

కడగడం ఎట్లా అంటే, ఉల్లిగడ్డలు వచ్చే జాలీ సంచి ఉంటుంది కదా, దాంట్లో నలభై బంతులు వేసి మూతి కట్టి, సర్ఫ్ నీళ్లలో పావుగంట నానబెట్టి, పైపు పెట్టి కొట్టి, దండెం మీద వేలాడదీయాలి. పదిహేను రోజులకోసారి ఈ పని చేస్తాం. పెద్దదానికి బంతుల్లో ఆడటం కన్నా ఈ కడిగే పనే ఎక్కువ ఇష్టం. అదీ ఒక గంట ఆటే, బిల్లు లేదు. ఒక్కటే జాగ్రత్త, నానబెట్టిన బకెట్టు దగ్గర చిన్నోడిని వదిలి లోపలికి పోవద్దు. పని అయిపోగానే నీళ్లు పారబోయాలి. బకెట్టు నీళ్లు కూడా ఆ వయసు పిల్లలకు ప్రమాదమే.

ట్రాంపోలిన్ గురించి పెద్దగా చెప్పను. ఇంట్లోకి చిన్నది కొనుక్కోవచ్చని ఆన్‌లైన్‌లో చూపిస్తారు. పాత బొంతలు నాలుగు పరిచి మంచం మీద నుంచి దూకనివ్వండి. మంచం నవారుదైతే ఇంకా మంచిది. ఒకరి తర్వాత ఒకరు దూకాలి, ఇద్దరూ కలిసి దూకితే తలలు కొట్టుకుంటాయి. ట్రాంపోలిన్ మీద కూడా దెబ్బలు తగిలేది చాలావరకు ఇట్లా కలిసి ఎగిరినప్పుడే.

ఊళ్లో ఉన్నవి

జారుడుబండ కోసం మా అత్తగారి ఊరికి పోతే చాలని ఆలస్యంగా తెలిసింది. 2020 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పల్లె ప్రగతి కార్యక్రమం కింద దాదాపు ప్రతి గ్రామంలో పల్లె ప్రకృతి వనం అని ఒక చిన్న పార్కు పెట్టింది, 2022 నుంచి క్రీడా ప్రాంగణాలు కూడా వచ్చాయి. కొన్నిచోట్ల గడ్డి నడుములోతు పెరిగి ఉంటుంది, కొన్నిచోట్ల బోర్డు ఒక్కటే మిగిలింది. బాగున్నవి కూడా ఉన్నాయి, వెతుక్కోవాలి. మా అత్తగారి ఊళ్లో ఉన్నదాంట్లో రెండు ఉయ్యాలలు, ఒక ఇనుప జారుడుబండ, తిరిగే చక్రం ఒకటి ఉన్నాయి. పట్నంలో మున్సిపల్ పార్కుల్లో కూడా ఇవే ఉంటాయి.

ఇనుప జారుడుబండ మధ్యాహ్నం పెనం లాంటిది. పిల్లను కూర్చోబెట్టే ముందు మీ చేతి వెనకభాగం ఆనించి చూడండి. అయిదు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే పిల్ల కూడా కూర్చోలేదు. పొద్దున ఎనిమిదిలోపు, లేదా సాయంత్రం అయిదున్నర దాటాక. వానాకాలంలో జారుడుబండ కింద నీళ్లు నిలిచే గుంట ఉంటుంది, ఒక పాత యూరియా సంచి తీసుకుపోయి అక్కడ పరుస్తాం. బోల్టు ఊడిన చోట, తుప్పు లేచిన అంచు దగ్గర ముందు మీ చెయ్యి పోనివ్వండి. నా చెయ్యి ఒకసారి గీరుకుంది, టీటీ ఇంజెక్షన్ చేయించుకుని వచ్చాను. మరుసటి వారం సర్పంచ్ మనిషికి చెప్తే వెల్డింగ్ చేయించారు. అడిగితే పనులు అవుతాయి, అడగడానికే మనకు బద్ధకం.

చిన్నోడిని అంగన్‌వాడీలో వేశాం. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని తీసుకుంటారు, ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం, గుడ్డు పెడతారు. మొదట మా ఇంటామె వద్దంది, అందరూ ప్రైవేటు నర్సరీకే పంపుతుంటే మనమేంది అని. టీచరమ్మ దగ్గర కూర్చుని ఒకరోజు చూసొచ్చాక ఒప్పుకుంది. అక్కడ చెక్క దిమ్మెలున్నాయి, రంగురంగుల పూసలున్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంకో పన్నెండుమంది పిల్లలున్నారు. ప్లే జోన్‌లో నేను రాసిన చిట్టీలో ఒకటి రాయడం మర్చిపోయాను. పెద్దది బొమ్మల వంటింట్లో ఉన్న 11 నిమిషాలూ ఇంకో పిల్లకు ఉత్తుత్తి చాయ్ పోసిస్తూనే ఉంది. ఆ పిల్లను వాళ్లమ్మ పిలుచుకుపోగానే ఇది కూడా లేచి వచ్చేసింది.

అందుకే మా గల్లీలో నాలుగు ఇళ్లవాళ్లం ఒక మాట అనుకున్నాం. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా ఏడుగురు పిల్లలూ ఒక ఇంట్లో, వారానికొక ఇల్లు. ఆ ఇంటి పెద్దలు ఇద్దరు చూసుకోవాలి, మిగతా మూడు ఇళ్లవాళ్లకు రెండు గంటలు విడుపు. తిండి విషయం ముందే తేల్చుకోండి. మేము తేల్చుకోలేదు. మొదటి వారం ఒక వదిన పూరీలు చేసింది, రెండో వారం ఇంకో ఆమె పోటీగా బిర్యానీ చేసింది, మూడో వారం మా ఇంటామె నన్ను చికెన్ తెమ్మంది. ఇట్లయితే ప్లే జోనే చవక అని అందరం కూర్చుని, మరమరాలు, అరటిపండు మించి పెట్టకూడదని రూలు పెట్టుకున్నాం.

డబ్బు పెట్టి పోయేటప్పుడు

పోకూడదని నేను అనడం లేదు. మా జిల్లాలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. బళ్లు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. అప్పటిదాకా మధ్యాహ్నం పూట రేకుల ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో మగ్గం ముందు కూర్చున్న మా ఇంటామెను అడగాలి. అప్పుడు కట్టే డబ్బు చల్లగాలికి కడుతున్నామనుకుంటే బాధ ఉండదు.

పోయే ముందు ఫోన్ చేయండి. బోర్డు మీది రేటు అడిగి ఊరుకోవద్దు. "పన్నుతో కలిపి ఎంత? పెద్దవాళ్లు ఎంతమందికి ఫ్రీ? సాక్సులు మావి తెచ్చుకోవచ్చా? టైము దాటితే ఎంత, ఎన్ని నిమిషాల గడువు ఇస్తారు? మూడేళ్ల లోపు పిల్లలకు రేటు వేరేనా?" ఈ అయిదూ అడిగి ఉంటే పైన నేను రాసిన బిల్లులో సగానికి సగం ముందే తెలిసిపోయేది. చాలాచోట్ల ఎత్తును బట్టో వయసును బట్టో చిన్న పిల్లలకు తక్కువ ఉంటుంది, మనం అడగకపోతే వాళ్లు చెప్పరు.

సాక్సులు ఒకసారి కొన్నవి దాచుకోండి. అడుగున రబ్బరు చుక్కలుంటే వేరేచోట కూడా మామూలుగా ఒప్పుకుంటారు. మా ఇంట్లో అవి ఒక పాలిథిన్ కవర్లో బీరువా తలుపుకు వేలాడుతుంటాయి. ఇంట్లో వేసుకుని తిరగనిస్తే చుక్కలు అరిగిపోతాయి, అందుకే పెద్దదానికి అందకుండా పెట్టాం. దానికి ఆ సంగతి తెలుసు, కుర్చీ వేసుకుంటోంది.

టైము చేతికి బ్యాండ్ కట్టిన నిమిషం నుంచి మొదలవుతుంది. కాబట్టి బ్యాండ్ కట్టించుకునే ముందే బాత్రూముకు తీసుకెళ్లాలి, నీళ్లు తాగించాలి, సాక్సులు వేయాలి. మాల్‌లో అయితే బాత్రూము ఆ చివర ఉంటుంది, మధ్యలో పోయిరావడానికి పది నిమిషాలు తరుగు. కడుపు నింపి తీసుకెళ్లండి. ఆకలితో ఉన్న పిల్లకు లోపలి మొక్కజొన్న వాసన వస్తే ఇక ఆట సాగదు. నీళ్ల సీసా మీద ముద్రించిన ఎంఆర్‌పీ చూసి డబ్బులివ్వండి. మాల్‌లో 20 ముద్రించిన సీసాకు నా దగ్గర 40 తీసుకున్నారు, ఆ గోలలో చూసుకోలేదు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్ల లెక్క వేరు. కౌంటర్లో సీల్ సీసా చేతికిచ్చి ఎక్కువ అడిగితే మాత్రం బిల్లు తీసుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి.

బయటికి తీసుకురావడం ఇంకో యుద్ధం. టైము అయిపోయిందని చివరి నిమిషంలో చెప్తే ఏ పిల్లా రాదు, ఆ ఏడుపులోనే మాకు 826 పడింది. ఇప్పుడు నలభై అయిదో నిమిషానికి ఫోన్ అలారం పెడతాను. అది మోగితే పెద్దది ఇంకా మూడుసార్లు జారొచ్చు, ఏ మూడో అదే ఎంచుకోవాలి. ఒకటి, రెండు, మూడు అని అదే లెక్కపెట్టుకుంటూ వస్తుంది.

రోజు విషయానికొస్తే, బుధ, గురువారాలు పొద్దున పదకొండుకు పోతే జారుడుబండ దగ్గర వరుస ఉండదు. 8 నిమిషాల తరుగు తప్పినట్టే, పైగా రేటు తక్కువ. నాకు మిల్లులో సీజన్ లేనప్పుడు పూట సెలవు దొరుకుతుంది. మీకు దొరకకపోతే ఆదివారం తెరిచీ తెరవగానే పోండి. ఖాళీగా ఉన్న రోజు కౌంటర్ దగ్గర మెల్లగా, "ఇద్దరు పిల్లలున్నరు, జర చూడున్రి" అంటే ఇరవయ్యో ముప్పయ్యో తగ్గిస్తారు, లేదంటే ఇంకో పావుగంట ఉండనిస్తారు. ఆదివారం సాయంత్రం అడిగితే మొహం కూడా ఎత్తి చూడరు.

పది టికెట్ల కార్డు

ఇక్కడ నేను గుమస్తాననే మాటే మర్చిపోయాను. ఒక ఆదివారం మా ఊరి ప్లే జోన్‌లో పదిసార్లకు 2,000 అని కార్డు అమ్ముతున్నారు. ఆదివారం రేటు 250 కదా, పదిసార్లకు 2,500, అయిదు వందలు మిగులుతాయని మెరుపులా లెక్క కట్టి కొనేశాను. ఇంటికొచ్చాక చదివాను. గడువు అరవై రోజులు. ఒక్క పిల్లకే. మిగిలితే డబ్బు వాపసు లేదు. అన్నిటికన్నా, మేము పోయేది ఎక్కువగా మామూలు రోజుల్లో, అప్పుడు రేటు 180. అంటే కార్డుతో సారికి 200 పడుతుంది, కార్డు లేకుండా పోతే 180. కొన్న నిమిషం నుంచే నష్టం. అరవై రోజుల్లో అయిదుసార్లు పోయాం, పిల్లకు జ్వరం ఒకసారి, పెళ్లిళ్లు రెండు. సారికి 400 పడ్డట్టు.

కార్డు కొనే ముందు, గత రెండు నెలల్లో నిజంగా ఎన్నిసార్లు పోయారో క్యాలెండర్ తీసి లెక్కపెట్టండి. రాబోయే రెండు నెలల్లో పోతామని అనుకునే లెక్క నమ్మొద్దు. గేమ్ జోన్‌లో డబ్బులు వేయించుకునే కార్డు కూడా ఇదే జాతి. ఆఖర్లో ఏ ఆటకూ సరిపోని ముప్పై రూపాయలు అందులో మిగిలిపోతాయి. మా పర్సులో అట్లాంటివి రెండున్నాయి.

పుట్టినరోజు ప్యాకేజీల జోలికి నేను పోలేదు. కనీసం పదిహేనుమంది పిల్లల డబ్బు కట్టాలంటారు, వచ్చేది పదిమందే. కేకు బయటిది తెస్తే దానికో చార్జీ.

ఇప్పటి లెక్క

నెలకు ఒక్కసారే పోతున్నాం. పోయిన బుధవారం చిట్టీ ఇది: ఇద్దరికీ 360. సాక్సులు ఇంటివి. నీళ్లు, తిండి ముందే అయిపోయాయి. అలారం మోగింది, మూడుసార్లు జారింది, బయటికొచ్చాం. పెద్దది జారుడుబండ మీద 39 నిమిషాలు ఉంది.

చిన్నోడు బంతుల్లో పది నిమిషాలు ఉండి గేటు దగ్గరికి వచ్చేశాడు. వాడికి 180 కట్టడం ఇక దండగని సంతలో ఒక అయిదు అరల చెప్పుల స్టాండ్ 350 పెట్టి కొన్నాను. వాకిట్లో పెట్టాం. పొద్దున మిల్లుకు పోయే టైముకు నా చెప్పులు ఏ అరలో ఉన్నాయో వాడినే అడగాలి. ఒక్కోసారి చెప్పడు.